డాట్సన్ నిష్క్రమణ

చెన్నై నగర శివార్లలోని ఒరగడంలో ఉన్న రెనో–నిస్సాన్ కర్మాగారంలో డాట్సన్ రెడీ-గో కారు ఉత్పత్తి నిలిచిపోయినట్లు 2022 ఏప్రిల్‌లో వెల్లడి కావడంతో, తొమ్మిది దశాబ్దాల నాటి ఒక బ్రాండు భారతదేశంలో ముగిసింది. 1930ల తొలినాళ్లలో జపాన్‌లో పుట్టిన ఈ పేరును, ప్రపంచమంతటా తన పేరే ఉండాలన్న ఉద్దేశంతో 1981లో విరమించదలచిన నిస్సాన్, మొదటిసారి కారు కొనే కుటుంబాల కోసం 2013లో ఢిల్లీలో ‘గో’ కారును ఆవిష్కరించి పునరుద్ధరించింది. అయితే కార్లను ఢీకొట్టించి భద్రతను అంచనా వేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2014లో, ఎయిర్‌బ్యాగులు లేని ఆ కారుకు ఒక్క నక్షత్రం కూడా ఇవ్వలేదు. ప్రాణరక్షణను తగ్గించి ధర తగ్గించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

బ్రాండు ఆగడమంటే కంపెనీ మూతపడటం కాదు. పాత కొనుగోలుదారులకు వారంటీ, సర్వీసు, విడిభాగాలు కొనసాగుతాయని నిస్సాన్ ప్రకటించింది. పైగా రెడీ-గో, రెనో క్విడ్ ఒకే ప్లాట్‌ఫారం, అనగా కారు అడుగుభాగం, ప్రధాన యంత్రభాగాల ఉమ్మడి రూపకల్పన, మీద తయారైనవి కనుక కొన్ని భాగాల విషయంలో యజమానులకు ఇది కొంత ఊరట కలిగించే అంశం.