బూడిద దిబ్బలు

బళ్ళారి నుంచి హోస్పేటకు పోయే దారి పక్కన కుడతిని అనే ఊరి దగ్గర ఒక పెద్ద దిబ్బ ఉన్నది. దూరానికి మామూలు మట్టిదిబ్బలాగే కనిపిస్తుంది. దగ్గరికి పోయి చూస్తే అందులో ఉన్నదంతా బూడిద! కొన్నిచోట్ల ఆ బూడిద కరిగి, మళ్ళీ గట్టిపడి, కొలిమి దగ్గర పారవేసే చిట్టెంలాగా తయారయింది. ఇటువంటి దిబ్బలు ఆ ప్రాంతంలోనూ, రాయచూరు వైపూ, మన అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ సీమల్లోనూ కలిపి నూటికి పైగా బయటపడ్డాయి.

ఇంత బూడిద ఎక్కడిది? పూర్వులు దీనికి తమకు తోచిన జవాబులు చెప్పుకున్నారు. హంపీ దగ్గర నింబాపురంలో ఉన్న దిబ్బ వాలిని దహనం చేసిన బూడిద అని అక్కడివారు చెబుతారు. చదువుకున్న దొరలు మాత్రం తక్కువ తిన్నారా? ఒకరు అగ్నిపర్వతం అన్నారు, మరొకరు ఇనుము కరిగించిన కొలుములన్నారు. వాలి కథే నయం, వినడానికైనా బాగుంటుంది!

1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాత రాతియుగపు పనిముట్టును కనిపెట్టిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ దిబ్బలను కూడా పరీక్షించాడు. పశువులను పెంచుకున్న పూర్వకాలపు మనుషులకూ వీటికీ సంబంధం ఉన్నదని ఆయన ఊహించాడు. ఆ ఊహ నిజమైంది. ఇది ఆవుపేడ కాలిన బూడిద. గడ్డిలో ఇసుకకు సంబంధించిన పదార్థం కొంత ఉంటుంది. ఆవు గడ్డి తింటే అది పేడలోకి వస్తుంది. పేడ పెద్ద మంటలో కాలినప్పుడు ఆ పదార్థమే కరిగి గాజులాగా అవుతుంది. చిట్టెం రహస్యం ఇదే.

1957లో ఆల్చిన్ అనే పండితుడు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఇటువంటి దిబ్బను తవ్వించాడు. అడుగున ఏమున్నదనుకున్నారు? పశువుల దొడ్డి! చుట్టూ తాటిమొద్దులు పాతి కట్టిన దడి ఆనవాళ్ళు కనిపించాయి. ఆ దడి కాలిపోవడం, మళ్ళీ కట్టడం పలుమార్లు జరిగింది. అన్నిటికంటె విచిత్రం, బూడిదలో పశువుల గిట్టల గుర్తులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాలుగువేల ఏళ్ళకు పూర్వం ఏ ఆవు నడిచిందో, దాని అడుగు మనకు మిగిలింది. బంగారు నగ దొరికినా నాకింత ఆశ్చర్యం కలిగేది కాదు.

ఆ పేడను ఎందుకు కాల్చారనే విషయంలో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఏటేటా పండుగకు మంటలు వేసేవారని ఆల్చిన్ ఊహ. భోగిపిడకలు చేసే మీకు ఆ ఊహ తేలికగానే అర్థమవుతుంది. పేడ పోగుపడ్డ చోటును శుభ్రం చేయడానికే కాల్చి ఉంటారని మరికొందరు అంటారు. వాదం తేలాలంటే ఇంకా తవ్వి చూడాలి. తవ్వాలంటే దిబ్బలు ఉండాలి గదా!

అవి కరిగిపోతున్నాయి. బూడిద మంచి ఎరువు గనక చేలకు తోలుకుపోతారు. రైతును తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. అది ఏమిటో ఎవరైనా అతనికి చెబితే గదా! బళ్ళారి దగ్గర సంగనకల్లు, కుప్పగల్లు కొండల్లోనైతే రాయి కోసం క్వారీలు తవ్వారు. ఆ కొండలమీద ఆనాటివారు చెక్కిన ఎద్దుల బొమ్మలున్నాయి. రాయి పగిలితే బొమ్మ ఎక్కడిది?

కొందరు పెద్దలు, "చుట్టూ కంచె వేసి తాళం పెడితే సరి" అంటారు. నేను ఒప్పుకోను. జనం పేర్లు చెక్కుతారు, పాడుచేస్తారు, నిజమే. కాని దిబ్బను బండ్లకెత్తి తోలేది చూడవచ్చిన పిల్లలు కాదు. ఎవరూ రాని చోటనే ఆ పని జరుగుతుంది. కాలిబాట ఒకటి, ఊరి భాషలో రాసిన పలక ఒకటి, బడిపిల్లలను తీసుకువచ్చే ఉపాధ్యాయుడు ఒకడు ఉంటే పదిమంది కళ్ళూ దానిమీద ఉంటాయి. 1958లో మన పార్లమెంటు చేసిన పురాతన కట్టడాల చట్టం కూడా, రక్షిత కట్టడాలను వెళ్ళి చూడడం ప్రజల హక్కు అని చెబుతున్నది. నియమాలకు లోబడి అనుకోండి. ఆ చట్టం ప్రకారం పాత సమాధి దిబ్బ కూడా కట్టడమే. అయితే కేంద్రం జాబితాకు గాని, రాష్ట్రాల జాబితాలకు గాని ఎక్కని దిబ్బకు కావలి ఎవరు?

ఇక మీకొక పని. కుడతిని దిబ్బను బూడిగుంట అనేవారు. బళ్ళారి దగ్గరే బూడికనమ అనే చోటు ఉన్నది. పేరులోనే బూడిద దాగి ఉన్నది, చూశారా! మీ ఊరి పొలిమేరలో అటువంటి పేరుగల దిబ్బగాని, కనుమగాని ఉన్నదేమో తాతగారిని అడగండి. ఉంటే ఆ చేను ఎవరిదో కనుక్కుని, వారిని అడిగి, పెద్దలతో కలిసి వెళ్ళండి. ఏదీ తవ్వవద్దు, జేబులో వేసుకోవద్దు. కొలతలు వేసి, బొమ్మ గీసి, మీ మాస్టారికి చూపించండి.