చాకూ… చిరాకూ!

మడిస్తే పిడికిట్లో ఇమిడిపోతుంది. లోపల చూస్తే పెద్దగా భాగాలుండవు. అయినా పాత మడత చాకు ఒకటి ముందేసుకుని కూర్చుంటే ఆదివారాలకు ఆదివారాలే కరిగిపోతాయి. అంత విసిగించే పనిని పట్టినవాళ్లు ఎందుకు వదల్లేరు?

మడత చాకు మంచిచెడ్డలు ముందు చెవికే తెలుస్తాయి. తెరిస్తే చివర్లో 'టక్'మనాలి, మూస్తే మళ్లీ 'టక్'మనాలి. కొన్ని పాతకాలపు చాకులు సగం తెరిచినప్పుడు కూడా ఒకసారి ఆగి పలుకుతాయి. ఆ చప్పుడు నీరసంగా వచ్చిందంటే లోపలి స్ప్రింగు అలిసిపోయినట్టు. మూసేటప్పుడు 'టింగ్'మని ఇనుము మీద ఇనుము మోగితే వ్యవహారం ఇంకా ముదిరినట్టు. పదునంచు వెళ్లి స్ప్రింగుకు కొట్టుకుంటోంది, మూసిన ప్రతిసారీ ఒకే చోట మొద్దుబారుతోంది. అసలు చప్పుడే లేకపోతే తుప్పు పట్టి బిగుసుకుందన్నమాట.

మన ఇళ్లలో చాకుకు పెద్ద హోదా ఏమీ లేదు. వంటింట్లో రాజ్యం కత్తిపీటది, పొలంలో కొడవలిది. చాకు జేబులో ఉండే వస్తువు. పచ్చి మామిడికాయ కోసుకోవడానికి, పురికొస తెంపడానికి, పిల్లల పెన్సిలు చెక్కడానికి. క్షౌరశాలల్లో బ్లేడు ముక్కలు రాకముందు తోలుపట్టీ మీద నూరిన మడత కత్తి కూడా ఈ వంశానిదే. అంటు కట్టేవాళ్ల చాకూ అంతే. ఇవి పాడైతే సాధారణంగా సొరుగులోకి చేరతాయి. వాడుకోవడానికి పనికిరావు, పారేయడానికి మనసొప్పదు. అలాంటివే నా బల్ల మీదికి వస్తుంటాయి. ఇది నా వృత్తి కాదు, వ్యసనం. డబ్బు లెక్కన చూస్తే సిగ్గుపడాల్సిన వ్యసనం కూడా.

ఒక్క సీల మీద సంసారం

పాత తరహా మడత చాకులో తాళం ఉండదు. బ్లేడు, దాని వెనక స్ప్రింగులా పనిచేసే ఒక ఉక్కు కమాను, రెండు పక్కలా పల్చటి ఇత్తడి రేకులు, వాటి మీద కొమ్మో ఎముకో చెక్కో తొడుగు, బ్లేడు తిరిగే కొసన ఇరువైపులా లోహపు దిమ్మెలు. లారీ చక్రాల మీద ఉండే కమాన్ పట్టీని వేలెడంత చేసి పిడి వెనక పెట్టారనుకోండి. దాన్ని నడుమ ఒక సీలతో, వెనక కొసన ఇంకో సీలతో పట్టి ఉంచుతారు. దాని ముందు కొస బ్లేడు మొదలును ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది. ఆ మొదలుకు చదును పక్కలుంటాయి. ఒక్కో చదును కమాను కిందికి రాగానే బ్లేడు ఆగుతుంది. మన వేళ్లను కాపాడేది ఈ ఒత్తిడి ఒక్కటే.

ఇందులో స్క్రూలు లేవు. సీలను దూర్చి, రెండు తలలనూ సుత్తితో మెల్లగా కొట్టి పరుస్తారు. ఆపైన ఆకురాయితో రాసి నునుపు చేస్తారు. దిమ్మె, సీల ఒకే లోహంతో చేస్తే రెండూ కలిసిపోయి సీల ఎక్కడుందో కంటికి ఆనదు. కొన్నవాడికి అది పనితనం, విప్పబోయేవాడికి మొదటి శిక్ష. దీనికో పాత చిట్కా ఉంది. కీలులోకి పల్చటి నూనె చుక్క వదిలి, పైన దిమ్మెను పొడిగుడ్డతో తుడిచి, బ్లేడును అటూఇటూ ఊపాలి. కాసేపటికి సీల చుట్టూ వెంట్రుకవాసి సందులోంచి చెమ్మ సన్నటి సున్నాలా పైకి వస్తుంది. అదృష్టం బాగుంటే. లేకపోతే ఊపుతూనే ఉండాలి.

సీల దొరికాక దాని తల తొలవాలి. డ్రిల్లు కొస ఆవగింజంత పక్కకు జారినా దిమ్మెకు మచ్చ పడుతుంది, రంధ్రం కోలగా సాగుతుంది. అప్పుడిక పాత కొలత సీల పనికిరాదు. ఇంకాస్త లావుది వేయాలి, దానికోసం బ్లేడు రంధ్రాన్నీ పెంచాలి. ఒక తప్పును సరిచేయబోతే రెండు మంచి భాగాలను కోయాల్సిన పరిస్థితి.

చిక్కంతా ఎక్కడంటే, ఈ పనిలో ఇనుము తీయగలం గానీ తిరిగి అంటించలేం. బ్లేడు మూసినప్పుడు మొన పైకి పొడుచుకొస్తుంటే జేబులో చెయ్యి పెట్టినవాడి గోరు లేచిపోతుంది. మొన లోపలికి దిగాలంటే బ్లేడు మొదట్లో కమాను మీద ఆనే చిన్న బొడిపెను ఆకురాయితో రాయాలి. ఒకసారి రాసి, మూసి చూసి, మళ్లీ రాయాలి. సరిపోయింది, ఇంకొక్క రాపిడి అనిపిస్తుంది. ఆ ఒక్కటీ ఎక్కువైతే 'టింగ్'. ఇక అంచు కమానుకు తగులుతుంది, ఆ బొడిపె తిరిగి మొలవదు.

ఇవన్నీ సరిచూసుకోవడానికి తాత్కాలికంగా వదులు సీల ఒకటి వేస్తాం. దానితో బ్లేడు చక్కగా ఆడుతుంది, కమాను వీపు పిడి అంచుతో సమంగా నిలుస్తుంది, చప్పుడూ బాగానే వస్తుంది. అసలు సీల వేసి సుత్తి ఎత్తగానే అంతా మారిపోతుంది. దెబ్బకు సీల లావెక్కి రంధ్రాన్ని నింపుతుంది, రేకులు దగ్గరవుతాయి, బ్లేడు ఒక పక్కకు వాలుతుంది. చాకు సరిగ్గా కుదిరిందో లేదో నిజంగా తెలిసేది సీల కొట్టేశాకే. కొట్టాక విప్పాలంటే ఆ సీల పోయినట్టే. తెలిసేసరికి వెనక్కి తిరిగే దారి ఉండదు. ఈ పని ఇచ్చే చిరాకంతా, దాన్ని వదలనివ్వని రుచంతా ఇక్కడే ఉంది.

చీకట్లో చూసే ఎరుపు

విరిగిన కమానుకు అతుకు వేసి లాభం లేదు. ఎక్కువగా నడిమి సీల రంధ్రం దగ్గరే అది పుటుక్కుమంటుంది, ఎందుకంటే వంగే బరువంతా అక్కడే పడుతుంది, ఉక్కు సన్నబడేదీ అక్కడే. కొత్తది కోసుకోవాల్సిందే. ఆకారం కోయడం ఓపిక పని. కాల్చడంలో ఓపికతో పాటు భయం కూడా ఉంటుంది.

ఉక్కును అయస్కాంతం అంటుకోనంత వేడి చేయాలి. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఇనుము ఆ గుణం పోగొట్టుకుంటుంది. ఇంకొంచెం కాగనిచ్చి నూనెలో ముంచితే గాజులా బిరుసెక్కుతుంది, కింద పడితే ముక్కలయ్యేంత. దాన్ని తళతళలాడేలా రుద్ది మళ్లీ నెమ్మదిగా వేడి చేస్తే పైన రంగులు పరుగెడతాయి. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి 300 డిగ్రీల ప్రాంతంలో నీలం. బ్లేడుకైతే పసుపు దగ్గరే ఆపాలి, కమానుకు నీలం రావాలి. ఆ నీలం క్షణాల్లో వచ్చి బూడిద రంగులోకి జారుకుంటుంది. ముందే ఆపితే కమాను విరుగుతుంది. ఆలస్యమైతే వంగినది వంగినట్టే ఉండిపోతుంది.

ఎండలో ఈ రంగులు, అంతకుముందు నిప్పు ఎరుపు, మోసం చేస్తాయి. అందుకే కమ్మరి కొలిమి నీడపట్టునే ఉంటుంది. నేనూ కాల్చేటప్పుడు కిటికీ మూసేస్తాను. ఈ చీకటి సంగతికి మనకు దగ్గరి చరిత్ర ఒకటుంది. బొంబాయి నుంచి లండన్‌కు పంపిన భారతీయ ఉక్కు ముద్దలను పరీక్షించి జార్జ్ పియర్సన్ 1795లో రాయల్ సొసైటీకి ఒక పత్రం సమర్పించాడు. ఆ ఉక్కుతో కత్తుల పనివాడు జేమ్స్ స్టోడార్ట్ ఒక చిన్న పెన్ చాకు సాగగొట్టాడని, అదీ చీకట్లో మాత్రమే ఎరుపు కనబడేంత తక్కువ వేడి మీద కొట్టాడని అందులో ఉంది. వేడి మించితే కర్బనం ఎక్కువున్న ఆ ఉక్కు సుత్తి కింద పొడిపొడి అయిపోతుంది. ఆ చాకు అప్పటి మేలి ఉక్కు చాకులకు దీటుగా తెగిందట. అదే జాతి ఉక్కును మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కాచేవారు, పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కుపోయేవారు. తర్వాత ఇదే స్టోడార్ట్, కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడేతో కలిసి 1820, 1822లలో ఉక్కు మిశ్రమాల మీద పత్రాలు రాశాడు. మన ఉక్కుతోనే చేశారని డమాస్కస్ కత్తుల గురించి గంటలకొద్దీ మాట్లాడే మనవాళ్లకు ఈ పెన్ చాకు కథ తెలియకపోవడం నాకు కొంచెం వెలితిగానే ఉంటుంది.

షెఫీల్డ్ చిన్న మేస్త్రీలు

మడత చాకు పనిని ఒక ఊరంతా పంచుకుని బతికిన చోటు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్. బ్లేడు సాగగొట్టేది ఒకరు, సానబట్టేది ఇంకొకరు, అన్నీ జతచేసి సీలలు కొట్టేది మరొకరు. అద్దె గదుల్లో సొంతంగా పని చేసుకునేవాళ్లను అక్కడ 'లిటిల్ మెస్టర్' అంటారు. మన భాషలో చెప్పాలంటే చిన్న మేస్త్రీలు. సానరాయి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సానపని వాళ్లు చిన్న వయసులోనే పోయేవారు. తాతల కాలపు చాకును మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఆ మేస్త్రీల్లో పేరున్నవాడు స్టాన్ షా. 1926లో పుట్టాడు. పద్నాలుగేళ్లకే పనిలో చేరాడు. 2021లో పోయేదాకా ఆయన పేరు చెబితే మడత చాకే గుర్తొచ్చేది. అదే ఊళ్లోని జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ 1822లో ఆ ఏటి అంకెకు సరిగ్గా 1822 బ్లేడులతో ఒకే చాకు చేసింది. దాన్ని ఎవరైనా రిపేరుకు తెస్తారేమోనని నాకు అప్పుడప్పుడూ పీడకల.

పిడి తొడుగులకు సాంబర్ జింక కొమ్ములు మన దేశం నుంచే షెఫీల్డ్‌కు ఓడలెక్కేవి. ఇప్పుడు ఆ వ్యాపారం ఇక్కడ చట్టవిరుద్ధం. కాబట్టి పాత తొడుగు పగిలితే గేదె కొమ్ముతోనో చింత చేవతోనో సరిపెట్టుకోవాలి. గేదె కొమ్ము వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా ఉంటుంది. వంగి లేస్తుంది, పురుగు తింటుంది. అయినా మెరుగు పెడితే దాని నలుపు ముందు ఇంకేదీ ఆగదు. సెల్యులాయిడ్ తొడుగు వచ్చిందంటే మాత్రం నేను దండం పెట్టి వేరుగా ఉంచుతాను. ముసలిదైతే అది ఆమ్లపు ఆవిర్లు వదులుతూ తన బ్లేడునే కాక పక్కనున్న చాకులనూ తుప్పు పట్టిస్తుంది. డ్రిల్లు వేడికి అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

సులువైన చాకులు లేవా అంటే ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో 1890లో మొదలైన ఒపినెల్‌కు కమానే లేదు. బీచ్ చెక్క పిడి, చీల్చిన గాడి, ఒక సీల. తిప్పి బిగించే తాళపు ఉంగరం 1955లో వచ్చింది. దానికీ ఓ చిక్కుంది. చెక్క తడిస్తే ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. అప్పుడు పిడి వెనక కొసను బల్లకేసి టక్కున కొడితే బ్లేడు కాస్త బయటికి వస్తుంది. ఇక ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ చాకు సంగతి. హిందీ సినిమా దాన్ని విలన్ల చేతికిచ్చి పేరూ తెచ్చింది, పరువూ తీసింది. నాలుగున్నర అంగుళాలు దాటిన బ్లేడుల మీద 1990ల్లో ఆంక్షలు వచ్చాక పనివాళ్లు చెదిరిపోయారు. 2023లో ఆ ఊరి కూడలిలో ఇరవై అడుగుల చాకును నిలబెట్టారు. పనివాళ్లు తగ్గాక విగ్రహం పెరగడం మన దేశంలో కొత్తేమీ కాదు.

ఇంకొక్క దెబ్బ

తృప్తి ఎక్కడుందంటే, ఆఖరి సుత్తి దెబ్బల్లో. బ్లేడుకూ రేకుకూ మధ్య నూనె రాసిన పల్చటి కాగితం పెట్టి, సీల తల చుట్టూ గుండ్రంగా, గోరుతో తట్టినంత మెల్లగా కొట్టాలి. అయిదారు దెబ్బలకోసారి తెరిచి చూడాలి. ఊగుతోందంటే మళ్లీ కొట్టాలి. ఒక దెబ్బ దగ్గర ఊగడం ఆగుతుంది, బ్లేడు మాత్రం ఇంకా స్వేచ్ఛగా ఆడుతుంది. అక్కడ సుత్తి దించేయాలి. ఆ ఒక్క దెబ్బకు ముందు చాకు వదులు, తర్వాత బిగుతు. చేతికి ఆ సంగతి మనకంటే ముందే తెలుస్తుంది. అది తెలిసిన రోజు అన్నం రుచిగా ఉంటుంది.

ఇంకో తృప్తి, విప్పినప్పుడు దొరికే మనుషులు. ఇత్తడి రేకు లోపలి వైపు జతలు తారుమారు కాకుండా పనివాడు గీసుకున్న గీతలుంటాయి. ఒక్కోసారి సీల బదులు రాగి తీగో, సైకిలు చువ్వ ముక్కో కనబడుతుంది. ఎవరో మహానుభావుడు తన దగ్గరున్నదానితో పని నడిపించాడన్నమాట. అలాంటివి గట్టిగా ఉంటే నేను మార్చను. బ్లేడు మీద గోధుమ రంగు మరకలనూ చెరపను. యంత్రం మీద అద్దంలా మెరిపిస్తే తయారీదారు ముద్ర కూడా మరకలతో పాటే పోతుంది. చాలామందికి ఆ మెరుపే కావాలి. దాని కోసం నాతో గొడవపడినవాళ్లూ ఉన్నారు.

మెరుపు అడగని వాళ్లు అంటు కట్టేవాళ్లు. కడియం వైపు నర్సరీలో పనిచేసే ఒకాయన చాకు తెచ్చాడు. అంటు చాకుకు పదును ఒకే పక్క ఉంటుంది, రెండో పక్క చదునుగా ఉండాలి. అప్పుడే కొమ్మ మీద కోత బల్లపరుపుగా వస్తుంది, రెండు కోతలూ సందు లేకుండా అతుక్కుంటాయి. సందుంటే అంటు ఎండిపోతుంది. సైకిలు మీద తిరిగే సానబట్టే మనిషి పాపం ఆ సంగతి తెలియక రెండు పక్కలా సానబట్టేశాడు. ఆ చదునును రాయి మీద మళ్లీ రప్పించడానికి భుజాలు పడిపోయాయి. కీలు కూడా వదులైందని దిమ్మెలో కొత్త సీల వేశాను, తెల్ల దిమ్మెలో కావాలనే ఇత్తడిది.

ఆయన మామిడి రెమ్మ మీద ఒక కోత కోశాడు. రెండు ముక్కలూ ఆనించి వెలుగులో పెట్టి చూసి తలూపాడు. తర్వాత బొటనవేలితో దిమ్మె తడిమాడు.

"సీల కనబడతందేంటండీ? ఇదివరకు కనబడేది కాదండి."

"మళ్లీ విప్పాల్సొస్తే వెతుక్కోనక్కర్లేకుండా అలా వేశానండీ."

"అంటే మళ్లీ పాడవుద్దన్నమాటేగండీ" అని చాకు మడిచి జేబులో వేసుకున్నాడు.