బడిగంట మ్రోగిన పిమ్మట

బిడ్డను బడిలో వేసి, పుస్తకములు కొనియిచ్చి, జీతము చెల్లించినచో తల్లిదండ్రుల విధి తీరినదని మనలో పెక్కుమంది తలంతురు. బడి బిడ్డ కాలములో ఎంతభాగమును గైకొనుచున్నదో లెక్కించి చూచినవారు మాత్రము తక్కువ. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము ఒకటవ తరగతి మొదలు ఐదవ తరగతివరకు ఏడాదికి 800 గంటలును, ఆరు మొదలు ఎనిమిదివరకు 1000 గంటలును పాఠములు జరుగవలెను. ఏడాదికి గంటలు 8760. బిడ్డ దినమునకు తొమ్మిది గంటలు నిద్రించునని తీసివేసినను, మేలుకొనియుండు కాలము 5475 గంటలు మిగులును. అందులో పాఠములకు బోవునది ఐదవవంతైనను కాదు. తక్కిన కాలమందు బిడ్డ ఎచట నుండును? ఎవరితో నుండును? ఏమి చేయును? ఈ ప్రశ్నలను ఊరూర తిరిగి అడుగుచున్నవారు, పిల్లల పక్షమున సభలలోను, కచేరీలలోను వాదించుచున్నవారు మన దేశమున కొందరు గలరు. వారినిగూర్చియు, వారు కోరుచున్నదానినిగూర్చియు సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

ఈ ప్రశ్న అన్ని ఊళ్లయందును ఉన్నదే గాని, సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతములందు దీని తీవ్రత కన్నులకు గట్టినట్లు కానవచ్చును. హైదరాబాదునుండి ముంబయికి బోవు రాజమార్గము వెంబడిని, దాని కిరువైపులను, రామచంద్రాపురము, పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము, గడ్డపోతారము మున్నగుచోట్ల వందలకొలది కర్మాగారములు వెలసినవి. భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వంటి పెద్ద ప్రభుత్వ సంస్థలు తమ పనివారికి ఇండ్లతోబాటు బడులను, ఆటస్థలములను గూడ కట్టించినవి. అచటి పిల్లలకు సాయంకాలమన నేమో తెలియును. కాని మందుల కర్మాగారములలోను, చిన్న యంత్రశాలలలోను గుత్తేదారుల క్రింద పనిచేయువారు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశము, కర్ణాటకములనుండి వచ్చి అద్దెగదులలో కాపురముండు బీదలు. తండ్రికి రాత్రి షిఫ్టు, తల్లికి పగటి షిఫ్టు పడినప్పుడు, బడినుండి వచ్చిన బిడ్డకు తలుపు తీయువా రుండరు; తండ్రి ఇంటనున్నను నిద్రలో నుండును. గదిముందు లారీలు తిరుగు బాట తప్ప ఆడుకొనుటకు చోటుండదు. ఇంటిలో ఒడియా, హిందీ మాటలాడు బిడ్డకు తెలుగుబడి పాఠము తెలియదు; అడుగుదమన్న చెప్పువారు లేరు. ఇట్టి బిడ్డకు సాయంకాలపు నాలుగు గంటలు విశ్రాంతి కావు, ఆపద.

సాయంకాలము బిడ్డ సొత్తు అని మన తెలుగువారిలో తొలుత చాటినవారిలో న్యాయపతి రాఘవరావుగారును, వారి సతీమణి కామేశ్వరిగారును ముఖ్యులు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా తెలుగుబిడ్డ లెల్లరు ఎరిగిన ఆ దంపతులు 1940లో చెన్నపట్టణమున ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. ఆటపాటలు, నాటకములు, కథలు బిడ్డలకు చదువున కడ్డము గావనియు, అవియు చదువేయనియు వారు నమ్మిరి. 1945లో ‘బాల’ అను పత్రికను గూడ నెలకొల్పిరి. తరువాత వారు హైదరాబాదునకు వచ్చి ఆ కృషినే సాగించిరి. నేడు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని జవహర్ బాలభవనమున సంగీతము, నృత్యము, చిత్రలేఖనము మున్నగువాటిని నేర్చుకొను పిల్లలు అనుభవించుచున్నది అట్టి ఊహకు ఫలమే. కాని అట్టిచోటికి పోగలిగిన బిడ్డలెవరు? తీసికొనిపోవుటకు తీరికగల తల్లియున్న బిడ్డలు. లేనివారి సంగతి యేమి?

ఆ సంగతి పట్టించుకొన్నవారిలో ఆచార్య శాంతా సిన్హాగారి పేరు ముందుగా చెప్పవలెను. హైదరాబాదు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము బోధించుచు, వెట్టిచాకిరి చేయు కూలీలనడుమ పనిచేసినప్పుడు, ఆ వెట్టిలో పిల్లలు గూడ నున్నట్లు ఆమె కనుగొనిరి. తమ తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరిట 1981లో ఏర్పడిన సంస్థద్వారా, 1991 మొదలు, సంగారెడ్డి ప్రాంతమునకు పొరుగుననున్న రంగారెడ్డి జిల్లా పల్లెలలో పిల్లలను పనినుండి విడిపించి బడికి చేర్చు పనికి పూనుకొనిరి. ఈ కృషికి 2003లో ఆమెకు మెగసెసే పురస్కారము లభించినది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు ఆమె మొదటి అధ్యక్షురాలైరి.

ఇచట సోదరీమణులు గమనింపవలసిన విశేష మొకటి కలదు. పనిచేయు పిల్లలకు ప్రభుత్వమువారు చిరకాలము చూపిన మార్గము వేరు. పగలు పనిచేయనిమ్ము, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట రెండు గంటలు అక్షరములు నేర్పుదము అనునది ఆ మార్గము. ఇందుకై 1979-80 మొదలు అనియత విద్యాకేంద్రములు దేశమంతట వెలసినవి; 1986 నాటి జాతీయ విద్యావిధానము గూడ పగలెల్ల బడికి రాజాలని పిల్లలకు, ముఖ్యముగా బాలికలకు, ఈ పద్ధతినే విరివిగా నెలకొల్పుదమనెను. చూచుటకు దయగా దోచును. కాని పగలంతయు మేకలు మేపి, పత్తిచేలలో వంగి, చెల్లెలి నెత్తుకొని అలసిన బిడ్డ రాత్రి దీపముముందు కూర్చుండి ఏమి నేర్చుకొనును? మరునాడు మరల పనికి పోవుటకే ఆ రాత్రిబడి ఒక ఒప్పుదల యగును. శాంతా సిన్హాగారును, వారి సంస్థవారును దీనిని తలక్రిందులు చేసిరి. బడిలో లేని ప్రతి బిడ్డయు కూలిబిడ్డయే అనిరి. పగలు బడియే, పూర్తి దినపు బడియే కావలెననిరి. చదువు పగటికి చెందినప్పుడే సాయంకాలము బిడ్డకు మిగులును. మొదట వెర్రిమాటగా దోచిన ఈ మాట పల్లెలలో నిలిచినది.

ఎట్లు నిలిచినదన, ఆ పల్లెలలోని చదువుకొన్న యువకులు, యువతులు ఇంటింటికి పోయి మాటలాడిరి. తమ యింట మొట్టమొదట బడి మెట్టెక్కినవారు వారిలో పెక్కుమంది. వయసు మీరిన పిల్లలను శిబిరములలో నుంచి, కొలది నెలలలో చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్చిరి. ఉపాధ్యాయులు బాలకార్మిక విమోచనమునకై ఒక వేదికగా నేర్పడిరి. పిల్లలను పనిలో పెట్టుకొన్న ఆసాములను శత్రువులుగా జూడక, సభలకు పిలిచి, బిడ్డను విడిచిపెట్టినవారిని నలుగురిలో మన్నించిరి. ‘బీదవారికి చదువుమీద ఆశ యుండదు’ అను మాట అబద్ధమని అప్పుడు తేలినది. ఆశ యున్నది, బడి గుమ్మము దాటించు చేయి లేకపోయినది. జన్మపత్రిక తెమ్మనుటయు, నడుమ వచ్చిన బిడ్డను చేర్చుకొనకుండుటయు తల్లుల కాళ్లను వెనుకకు లాగినవి.

ఇంతలో సాయంకాలమునకు చట్టమునుండియే ఒక చిక్కు వచ్చినది. 2016లో బాలకార్మిక చట్టమును సవరించి, 14 ఏండ్లలోపు పిల్లలను ఏ పనిలోను పెట్టుకొనరాదని శాసించుట మిక్కిలి మేలైన సంగతి. కాని అందులోనే ఒక మినహాయింపు చేర్చిరి: బడివేళలు ముగిసిన పిమ్మటను, సెలవులలోను, అపాయకరము గాని కుటుంబపు వృత్తిలో బిడ్డ తనవారికి సాయపడవచ్చునట. బాలల హక్కులకై పాటుపడువారు పలువురు దీనిని గట్టిగా వ్యతిరేకించిరి. ఇంటి నాలుగు గోడలనడుమ జరుగునది సాయమో, కూలియో ఎవరు చూడబోయిరి? బీడీలు చుట్టుట, బట్టలు కుట్టుట, వస్తువులను పొట్లములు కట్టుట వంటి పనులు గుత్తకు ఇంటికే వచ్చును. తల్లి చేసిన లెక్కలో బిడ్డ వేళ్లు చేసినపని కలిసిపోవును. అంతర్జాతీయ బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణము బిడ్డకు విశ్రాంతియు, తీరికయు, ఆటయు హక్కులని చెప్పుచున్నది. దానికి మనదేశము 1992లో సమ్మతించినది. ఒకచేత హక్కని యిచ్చి, మరియొకచేత పనికి విడుచుట పొసగునా యని వారి వాదము.

ఈ భారము మగపిల్లలకన్న ఆడపిల్లలమీద నెక్కువ పడును. బడినుండి వచ్చిన అన్న సంచి విసరి వీధిలోనికి పోవును. చెల్లెలు సంచి దించి బిందె యెత్తును. కసవు ఊడ్చి, అంట్లు తోమి, చంటివానిని ఎత్తుకొని, అమ్మ వచ్చులోపల పొయ్యి రాజవేయును. ‘మా పిల్ల చదువులో వెనుకబడినది, ఇక మాన్పింతుము’ అని రెండేండ్లకు తల్లి యనును. వెనుకబడినది పిల్ల కాదు, ఆమె సాయంకాలము. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడి పథకమును మనము చంటిపిల్లల మేలుగానే భావింతుము. నిజమునకు అది వారి అక్కల మేలు గూడ. చంటివానిని చూచుచో టొకటి యున్నప్పుడే ఎనిమిదేండ్ల అక్క బడికి పోగలదు. సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతమున 1983 మొదలు పనిచేయుచున్న డెక్కను డెవలప్‌మెంటు సొసైటీయందలి మహిళాసంఘములవారు, బీద దళిత స్త్రీలు, తమ పల్లెలలో బాలవాడులు నడుపుటయందు ఈ మర్మమే యున్నది. మాచునూరులో వెలసిన ‘పచ్చసాలె’ యందు పాఠములతోబాటు వడ్రంగము, కుమ్మరము, కుట్టుపని, సేద్యము నేర్పిరి. అచట పని బిడ్డను చదువునుండి లాగలేదు; చదువులో ఒక భాగమైనది. బిడ్డచేత పని చేయించుటకును, బిడ్డకు పని నేర్పుటకును గల భేదమిదియే.

కర్మాగారములు వెలసిన ప్రతిదేశమునను ఈ కథయే నడచినది. అమెరికాలోని చికాగో నగరమున వలసవచ్చిన కూలీల పేటలో 1889లో జేన్ ఆడమ్స్ అను మహిళ ‘హల్ హౌస్’ అను గృహమును తెరచి, అందు చంటిపిల్లలకు శిశుపాఠశాలను, పెద్దపిల్లలకు సంఘములను నడపిరి. ఆ గృహముననే నివసించిన ఫ్లోరెన్సు కెల్లీ కర్మాగారములను తనిఖీచేసి, పిల్లల పనిని నియమించు చట్టము 1893లో ఇల్లినాయి రాష్ట్రమున వచ్చుటకు పాటుపడిరి. బిడ్డలకు ఆటగది తెరచినవారును, వారి పక్షమున శాసనసభ తలుపు తట్టినవారును ఒక్క యింటివారే. ఒకటి లేనిదే రెండవది నిలువదని వా రెరుగుదురు. జేన్ ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతిబహుమానము లభించినది.

‘పిల్లలు పని నేర్వవలదా? అమ్మకు చేయి సాయము చేసిన తప్పా?’ అని కొందరు తల్లులు అడుగుదురు. తప్పు కాదు. పది నిమిషములు కూర తరుగుట, తన కంచము తాను కడుగుకొనుట కొడుకునకును, కూతునకును సమానముగా నేర్పదగినవే. కాని ఆ పని బిడ్డ ఆటను, పాఠమును, నిద్రను మ్రింగుచున్నదేమో చూచుకొనవలెను. కలిగినయింటి తల్లులు వేరొక సంగతి చూచుకొనవలెను. బడి విడిచినతోడనే ప్రైవేటు పాఠములు, అవి ముగిసిన మరల వ్రాతలు అని రాత్రి తొమ్మిదివరకు బిడ్డను బంధించు ఇండ్లు నేడు తక్కువగా లేవు. కూలిబిడ్డ సాయంకాలమును ఆకలి దోచుచున్నది. మన బిడ్డ సాయంకాలమును మార్కులమీది ఆశ దోచుచున్నది.

ఇంటనుండియే మనము చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది, ఎంత బ్రతిమాలినను 14 ఏండ్లు నిండని పిల్లను మన యింట పనికి పెట్టుకొనరాదు. ఇండ్లలోను, హోటళ్లలోను ఇట్టి పిల్లలను పెట్టుకొనుటను 2006 అక్టోబరు 10 నుండి నిషేధించిరి. 2016 సవరణ దీనికి ఆరు నెలలనుండి రెండేండ్ల ఖైదుగాని, 20,000 నుండి 50,000 రూపాయలవరకు జరిమానాగాని, లేక రెండునుగాని విధించును. అట్టి బిడ్డ కంటబడిన 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును. రెండవది, విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వపు బడి నిర్వహణసంఘమున నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులును, సగము స్త్రీలును ఉండవలెను. ఆ కూటమికి పోయి, ‘బడి మైదానమును సాయంకాలము ఆరింటిదాక తెరచియుంచుడు, ఒక ఉపాధ్యాయునిగాని, చదువుకొన్న యువతిని గాని తోడుంచుడు’ అని అడుగుట మన హక్కు. గోడ యున్నది, నీళ్లున్నవి, చెట్టునీడ యున్నది, కావలసినది తాళముచెవి. మూడవది, ఇంటిపన్నుతోబాటు రూపాయికి 8 పైసలవంతున గ్రంథాలయపు సుంకమును మనము కట్టుచున్నాము. ఆ గ్రంథాలయమున పిల్లల కొక మూల, వారి యెత్తుకు తగిన బల్ల, నాలుగు బొమ్మల పుస్తకములు కావలెనని అడుగుట యాచన కాదు.

అడుగుట యనునదే ఈ కార్యకర్తలు చేయుచున్న పని. వారు బడులు కట్టువారు కారు, ధనము పంచువారు కారు. ఇది పిల్లలకు రావలసినదని పదిమందిలో పదిమార్లు చెప్పువారు. ఒంటరిగా చెప్పిన కచేరీలలో కాగితము క్రింద కాగితమై పోవును. వీధిలోని తల్లులు నలుగురు కలిసి చెప్పిన, ఆ మాట త్రోసివేయుట అంత సులభము కాదు. సాయంకాలము నాలుగు గంటలకు మన పేటలోని బడిగంట మ్రోగినప్పుడు, ఎవరి బిడ్డ ఎటు నడచుచున్నదో ఒక్కవారము గమనింపుడని సోదరీమణులను వేడుచున్నాము. ఏ బిడ్డపక్షమున మాటలాడవలెనో అప్పుడు మీకే తెలియును.