దోమకు పురుడు పోసిన రోలు

దసరా సెలవులకు మనవలు వచ్చారు. నిన్న పొద్దున్నే పెరట్లోంచి పెద్ద మనవరాలు కేకేసింది. "తాతయ్యా, రోట్లో ఏవో మెలికలు తిరుగుతున్నాయి, చూద్దువుగాని రా!"

మిక్సీ వచ్చాక నూతిగట్టు పక్కకు చేరిన రాతి రోలు అది. మొన్నటి వానకు నిండింది. సన్నటి పురుగులు కిందకీ పైకీ ఈదుతున్నాయి.

"ఇవి దోమపిల్లలమ్మా. తలకిందులుగా వేలాడుతున్నాయి చూశావా? తోక చివర చిన్న గొట్టం ఉంటుంది. దాన్ని నీటిపైకి పెట్టి గాలి పీలుస్తాయి. వీటి ముక్కు తోకలో ఉందన్నమాట! అందుకే మురుగు గుంటల్లో నూనె చల్లుతారు. నీటిమీద నూనె పొర కడితే గాలి అందక చస్తాయి."

"అయితే ఈ నీళ్ళు పారబోస్తే సరిపోతుందిగా తాతయ్యా?" అన్నాడు చిన్నవాడు.

"సగం పనే అవుతుంది నాన్నా. కాళ్ళమీద తెల్లచారలుండే దోమ డెంగీ తెస్తుంది. అది గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు అంటిస్తుంది. నీళ్ళు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్ళీ వాన పడి నీరు తగిలిందా, పిల్లలు బయటికొస్తాయి. అందుకే పారబోశాక కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా రుద్దాలి. గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం శుక్రవారం 'డ్రై డే' చేయండని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి చెప్పేది ఈ లెక్కతోనే. వారానికొకసారి కడిగితే ఒక్కదానికీ రెక్కలు రావు."

దోమ జాడ పట్టిన కథ మన గడ్డమీదే జరిగిందని చెబితే పిల్లలు కళ్ళు పెద్దవి చేశారు. సికింద్రాబాదులో, ఇప్పటి బేగంపేట దగ్గర, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఉండేవాడు. మలేరియాతో ఉన్న హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చాడు. ఆ దోమల్ని కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తూ, 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతారు.

"చీకట్లో మనం దానికెలా కనిపిస్తాం?"

"మనం వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి, చెమట వాసన దారి చూపిస్తాయి. కుట్టేది ఆడదే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. మగదోమకు పూలతేనె చాలు. రక్తం గడ్డకట్టకుండా ఆడదోమ తన లాలాజలం మన ఒంట్లోకి ఎక్కిస్తుంది. దానిమీద మన ఒళ్ళు చేసే తిరుగుబాటే దురద. ఫ్యాను కింద దోమలు తగ్గడానికి కారణం, గాలికి ఎదురు ఎగరలేవు, మన ఊపిరి వాసనా చెదిరిపోతుంది. డెంగీ దోమ పగలే కుడుతుంది. అందుకే పగలు నిద్రపోయే పసిపాపకూ దోమతెర కట్టాలి."

రోలు కడగడానికి పక్కనున్న పాత పెంకుల్ని కర్రతో జరిపాం. ఒక పెంకు కింద వేలెడంత ఎర్రతేలు! చిన్నవాడు ఎగిరి వెనక్కి దూకాడు.

"నల్లటి మండ్రగబ్బను చూసి అందరం హడలిపోతాం. నిజానికి ప్రమాదం ఈ చిన్న ఎర్రతేలుతోనే ఎక్కువ, అందులోనూ పిల్లలకు. పగలు చీకటి సందుల్లో నక్కి, రాత్రి బొద్దింకల్నీ కీచురాళ్ళనూ వేటాడుతుంది. ఇంట్లో బొద్దింకలు తగ్గితే దీనికి తిండి తగ్గినట్టే. గోడ పగుళ్ళు పూడ్చాలి, కట్టెలూ పెంకులూ ఇంటికి దూరంగా పేర్చాలి, చెప్పులూ బూట్లూ దులిపి తొడుక్కోవాలి. ఇంకో వింత చెప్పనా? నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం వేస్తే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది."

ఒకవేళ కుడితే? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకోకూడదు, వెంటనే పెద్దవాళ్ళకు చెప్పాలి. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. మంత్రం వేయించుకుంటూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది. చెమటలు పట్టినా, వాంతులైనా, కాళ్ళూ చేతులూ చల్లబడినా ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మహారాష్ట్రలోని మహాడ్ అనే ఊళ్ళో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఎర్రతేలు కాటుకు రక్తపోటు మందు ప్రజోసిన్ వాడి ఎన్నో ప్రాణాలు నిలిపారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మందు ఉంది పిల్లలూ, వేళకు చేరడమే మన వంతు.

ఇంతలో మనవరాలు మామిడికొమ్మకున్న తేనెపట్టు చూపించింది. "దీన్నీ తీసేద్దామా?"

"వద్దమ్మా. దోమ నీ రక్తం కోసం వస్తుంది. తేనెటీగకు నీతో పనే లేదు. రాయి వేస్తేనో, పొగ పెడితేనో తన ఇల్లు కాపాడుకోవడానికి కుడుతుంది. ముల్లు మన చర్మంలో ఇరుక్కుపోయి, తాను ప్రాణం వదులుతుంది. ఊడిన ముల్లు పక్కనున్న విషపు తిత్తి ఇంకా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. అందుకే గోటితో అయినా సరే, క్షణాల్లో లాగెయ్యాలి. ఆ ముల్లు నుంచి అరటిపండులాంటి వాసన వస్తుంది. మిగతా ఈగలకు అదే పిలుపు. మొహం కప్పుకుని ఇంట్లోకి పరుగెత్తాలి. కందిరీగ ముల్లు ఊడదు, అది మళ్ళీ మళ్ళీ కుట్టగలదు. దేనివల్లయినా పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటివైద్యం పనికిరాదు, పరుగున ఆసుపత్రికే."

తేలును కర్రతో డబ్బాలోకి తోసి, ఊరి బయట బీడులో వదిలివచ్చాను. తేనెపట్టు జోలికి పోలేదు. సాయంత్రానికి ముగ్గురం కలిసి రోలు పీచుతో రుద్ది, గుంటనిండా ఇసుక పోశాం.

చేతులు కడుక్కుంటూ మనవరాలు ఏదో ఆలోచించింది. "తాతయ్యా, మా ఫ్లాటులో రోలు లేదుగానీ, ఫ్రిజ్ వెనక నీళ్ళు చేరే ట్రే ఉంది. మనీప్లాంటు సీసా కూడా ఉంది. వాటినెవరూ కడగరు."

"ఇప్పటినుంచి శుక్రవారం శుక్రవారం నువ్వు కడుగు తల్లీ," అన్నాను.