బురదలో దిగితే అందరూ బంధువులే

కేరళ కొండ జీపుల మిత్రబృందాలలో కబుర్లు, కట్టుబాట్లు

వాగమన్ (కేరళ): వర్షాకాలంలో ఆదివారం తెల్లవారుజామున ఇడుక్కి, కొట్టాయం జిల్లాల సరిహద్దులోని ఏ టీ కొట్టు ముందు చూసినా నాలుగైదు జీపులు బారులు తీరి కనిపిస్తాయి. వాటిలో కడిగి తుడిచిన బండి ఒక్కటి కూడా ఉండదు. ముందు బంపరుకు ఇనుప తాడు చుట్టిన విన్చ్ యంత్రం, వెనుక గొలుసులు, పార, జాకీ, పాత గోనె సంచులు. బండ్ల యజమానులలో రబ్బరు తోట రైతు ఉంటాడు, బ్యాంకు ఉద్యోగి ఉంటాడు, షెడ్డు నడిపే మెకానిక్కు ఉంటాడు, తండ్రి జీపును బతిమాలి తెచ్చుకున్న కళాశాల విద్యార్థి కూడా ఉంటాడు. మామూలు రోజుల్లో ఒకరినొకరు పలకరించుకునే అవకాశమే లేని ఈ మనుషులను ఒకచోట చేర్చేది ఒక్కటే: దారి లేని చోట బండి నడపాలన్న సరదా.

ఇంగ్లీషులో ‘ఆఫ్ రోడింగ్’ అని పిలిచే ఈ వ్యాపకం నేడు దేశంలో అనేక నగరాలకు పాకింది. హైదరాబాద్ శివార్లలోని బండరాళ్ల మధ్య కూడా ఆదివారాల్లో ఇటువంటి బృందాలు కనిపిస్తున్నాయి. అయితే కేరళ కొండ ప్రాంతంలో ఇది సరదాగా పుట్టినది కాదు, అవసరం నుంచి పుట్టినది. ఆ తేడా అక్కడి వారి మాటల్లోనూ, మర్యాదల్లోనూ స్పష్టంగా తెలుస్తుంది.

యుద్ధరంగం నుంచి ఏలకుల తోటకు

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైన్యం కోసం తయారైన జీపును భారతదేశానికి పరిచయం చేసిన ఘనత మహీంద్రా సంస్థకు దక్కుతుంది. 1945లో లూధియానాలో జె.సి.మహీంద్రా, కె.సి.మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మహమ్మద్ కలసి ‘మహీంద్రా అండ్ మహమ్మద్’ పేరుతో ఉక్కు వ్యాపారం ప్రారంభించారు. దేశ విభజన తరువాత గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశ తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. 1951లో గవర్నర్ జనరల్ పదవిని కూడా చేపట్టారు. ఇక్కడ మిగిలిన సంస్థ 1948లో ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా పేరు మార్చుకున్నది. 1940ల చివరలో బొంబాయిలోని మజగావ్‌లో విల్లీస్ జీపుల కూర్పు మొదలైంది.

పోలీసు శాఖ, అటవీ శాఖ, నీటిపారుదల శాఖల వాహనంగా తెలుగువారికి చిరపరిచితమైన ఆ జీపు కేరళ కొండల్లో రైతు వాహనమైంది. ఏలకులు, మిరియాలు, తేయాకు పండే ఇడుక్కి జిల్లాలో తోటలకు పోయే బాటలు నిటారుగా, రాళ్లమయంగా ఉంటాయి. ఏడాదిలో సగం రోజులు వాన. తమిళనాడులోని కంబం, బోడినాయకనూరు ప్రాంతాల నుంచి తోట కూలీలు నేటికీ రోజూ సరిహద్దు దాటి జీపుల్లోనే పనికి వస్తుంటారు. మూణారు చూడబోయిన తెలుగు యాత్రికులు సూర్యనెల్లి నుంచి కొళుక్కుమల తేయాకు తోటకు ఎముకలు కదిలిపోయే జీపు ప్రయాణం చేసే ఉంటారు. ఆ తోటకు వేరే వాహనం పోలేదు.

ఆ బాటలపై రోజూ నడిచే డ్రైవర్లే ఈ వ్యాపకానికి తొలి గురువులు. మెకానిక్కునైనా, చెయ్యి తిరిగిన డ్రైవరునైనా మలయాళంలో ‘ఆశాన్’ అంటారు. ఆచార్యుడని అర్థం. నగరం నుంచి కొత్త బండితో వచ్చిన ఇంజనీరు సైతం లుంగీ ఎగగట్టుకున్న జీపు డ్రైవరును ‘ఆశానే’ అని పిలిచి, ఏ గేరులో ఎక్కాలో అడిగి తెలుసుకోవలసిందే. పెద్దవాడైతే ‘చేట్టా’, అంటే అన్నా. చిన్నవాడైతే ‘మోనే’, అంటే బాబూ. ఉద్యోగం, హోదా, కులం టీ కొట్టు దగ్గరే ఆగిపోతాయి.

ఏం మాట్లాడుకుంటారు?

వీరి కబుర్లలో మొదటి ప్రశ్న పేరు గురించి కాదు, టైర్ల గురించి. రెండవది గాలి ఎంత పెట్టారని. రోడ్డు మీద 30 పౌండ్లకు అటూ ఇటూ ఉండే గాలిని బురదలో దిగే ముందు సగానికి తగ్గిస్తారు. గాలి తగ్గిన టైరు వెడల్పుగా పరచుకుని నేలను పట్టుకుంటుంది. అయితే మరీ తగ్గిస్తే టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది. ఎంత వరకు తగ్గించవచ్చునన్నది ఎప్పటికీ తేలని చర్చ.

అంతకన్నా పాత వివాదం ఒకటున్నది: జీపు గొప్పదా, జిప్సీ గొప్పదా? 1985లో మారుతి సంస్థ విడుదల చేసిన జిప్సీ పెట్రోలు బండి. బరువు టన్నుకు అటూ ఇటూ ఉంటుంది గనుక బురద మీద తేలిపోతుందని దాని అభిమానుల వాదన. మహీంద్రా ఎం.ఎం. 540, కమాండర్, మేజర్ వంటి డీజిలు జీపుల వారు దీన్ని ఒప్పుకోరు. పెట్రోలు ఇంజనులో రవ్వ పుట్టించే భాగాలకు నీరు తగిలితే బండి అక్కడికక్కడే నిలిచిపోతుందని, డీజిలు ఇంజనుకు రవ్వతో పనిలేదు గనుక వాగు దాటడంలో తమదే పైచేయి అని వారంటారు. జిప్సీ ఉత్పత్తి ఇప్పుడు లేదు. వాదన మాత్రం సాగుతూనే ఉన్నది.

2010లో మహీంద్రా ‘థార్’ వచ్చింది. 2020లో దాని రెండవ తరం వచ్చింది. వెనుక కమాన్ కట్టల స్థానంలో చుట్ట స్ప్రింగులు, ఆటోమేటిక్ గేరు సౌకర్యం చేరాయి. గేరు మార్చనక్కరలేని బండి కూడా జీపేనా అని పాతవారు ఎగతాళి చేస్తారు. ఎక్కేటప్పుడు తమది ఆగదని, మీది తోయక తప్పదని కొత్తవారు బదులిస్తారు. ఈ హాస్యం వెనుక ఒక మార్పు కూడా ఉన్నది. కొత్త బండ్ల రాకతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, మహిళలు ఈ బృందాలలో చేరుతున్నారు. భార్యాభర్తలు వంతులవారీగా స్టీరింగు పట్టుకోవడం ఇప్పుడు వింత కాదు.

మధ్యాహ్నం కప్ప కిళంగు, చేపల పులుసు ముందు కూర్చున్నప్పుడు అసలు కథలు బయటపడతాయి. ఎవరూ తాము సునాయాసంగా ఎక్కిన గుట్ట గురించి చెప్పరు. ఎక్కడ దిగబడ్డారో, ఎన్ని గంటలు ఇరుక్కుపోయారో, చివరకు ఎవరు వచ్చి లాగారో చెబుతారు. ఓటమిని నవ్వుతూ చెప్పుకోగలవాడే ఇక్కడ పెద్దమనిషి.

రాయని చట్టాలు

ఈ సరదాకు కొన్ని కఠినమైన కట్టుబాట్లున్నాయి. మొదటిది, ఒంటరి బండి బురదలో దిగరాదు. కనీసం రెండు బండ్లు ఉండాలి. రెండవది, దిగబడిన బండిని విడిచి ఎవరూ ముందుకు సాగరాదు. పది బండ్ల వరుసలో చివరిది ఆగితే మొదటిది కూడా ఆగవలసిందే. మూడవది, కింద నిలబడి దారి చూపే వ్యక్తి మాటే వేదం. చక్రం కింద ఏమున్నదో స్టీరింగు ముందున్న వానికి కనపడదు. కింద ఉన్నవాడు చెయ్యి ఎత్తితే, బండి యజమాని ఎంతటివాడైనా బ్రేకు తొక్కాలి. నలుగురు నాలుగు రకాలుగా కేకలు వేస్తే ప్రమాదం తప్పదు గనుక దారి చూపే గొంతు ఒక్కటే ఉండాలన్నది నియమం.

ఇనుప తాడుతో బండిని లాగేటప్పుడు చుట్టూ జనాన్ని దూరంగా నెట్టివేస్తారు. బిగుసుకున్న తాడు తెగితే కొరడాలా తిరిగి వచ్చి మనిషి ప్రాణం తీయగలదు. అందుకే తాడు మధ్య బరువైన గోనె సంచినో, దుప్పటినో వేస్తారు. తెగినా ఆ బరువుకు నేల మీద పడిపోతుంది. చెట్టుకు కట్టవలసి వస్తే బెరడు కోసుకుపోకుండా వెడల్పాటి పట్టీ వాడతారు.

ఇంటికి చేరిన తరువాత కూడా పని మిగిలే ఉంటుంది. చక్రాల ఇరుసు మధ్య ఉండే డిఫరెన్షియల్ ఆయిలు పాలలా తెల్లబడితే అందులో నీరు చేరినట్లు లెక్క. మర్నాడు ఎవరి ఆయిలు తెల్లబడిందో, ఎవరి బ్రేకులు పట్టేశాయో, ఎవరి ఇంట్లో బురద బట్టల గురించి పంచాయితీ జరిగిందో విచారించుకోవడంతో తరువాతి ఆదివారం వరకు కాలక్షేపం అవుతుంది.

2018 ఆగస్టు పరీక్ష

ఈ కట్టుబాట్లు సరదాకు మించినవని 2018 ఆగస్టులో తేలింది. 1924 తరువాత కనీవినీ ఎరుగని వరదలు ఆ నెలలో కేరళను ముంచెత్తాయి. 480 మందికి పైగా మరణించారు. సుమారు 54 లక్షల మందిపై వరద ప్రభావం పడింది. 14 లక్షల మంది ఇళ్లు విడిచిపోయారు. 26 ఏళ్ల తరువాత ఇడుక్కి జలాశయం గేట్లు తెరిచారు. కొండచరియలు విరిగిపడి ఇడుక్కి జిల్లాలో అనేక గ్రామాలకు రాకపోకలు తెగిపోయాయి.

లోతట్టు ప్రాంతాలలో లారీలపై పడవలు తెచ్చి వేలాది మందిని కాపాడిన మత్స్యకారుల సాహసం దేశమంతటికీ తెలిసినదే. పడవకు నీరు చాలని చోట, కారుకు నీరు ఎక్కువైన చోట మాత్రం జీపులు పనికివచ్చాయి. ఆదివారాల సరదా బృందాలు మందులు, తాగునీరు, బియ్యం మోశాయి. వృద్ధులను, గర్భిణులను సహాయ శిబిరాలకు చేర్చాయి. గాలి తీసుకునే గొట్టాన్ని పైకప్పు ఎత్తుకు లేపుకున్న బండ్లు బానెట్ మునిగే నీటిలోనూ నడిచాయి. ఆ గొట్టం లేకుండా ఇంజనులోకి నీరు చేరితే లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నిన్నటి వరకు ఆడంబరంగా కనిపించిన ఆ అమరికే ఆనాడు ప్రాణరక్షణ సాధనమైంది.

2024 జూలై 30న వయనాడ్ జిల్లా ముండక్కై, చూరల్‌మల గ్రామాలపై కొండ విరిగిపడినప్పుడు కూడా సైనికులు, స్వచ్ఛంద సేవకులతో పాటు స్థానిక జీపులు సహాయ కార్యక్రమాలలో పాలుపంచుకున్నాయి. అటువంటి వేళ బండి శక్తి ఒక్కటే చాలదు. ముందు ఎవరు వెళ్లాలి, ఎవరి మాట వినాలి, ఎక్కడ ఆగాలి అన్న విషయాలను మళ్లీ చెప్పనవసరం లేని మనుషులు కావాలి. ఆ శిక్షణ ఏ ప్రభుత్వ శాఖా ఇచ్చినది కాదు. ఆదివారాల బురదలో అబ్బినది.

చట్టం, గడ్డి నేల

అయితే నాణేనికి రెండవ వైపు కూడా ఉన్నది. 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, తయారీదారు నిర్దేశించిన మూల స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష విధించవచ్చు. పెద్ద టైర్లు, మార్చిన బంపర్లతో రోడ్డెక్కిన జీపులు రవాణా అధికారుల కంట పడితే చిక్కులు తప్పవు. వరదల్లో పొగిడిన బండినే మామూలు రోజుల్లో ఆపుతున్నారని యజమానులు నిష్ఠూరమాడతారు. పాదచారి భద్రత విషయంలో చట్టం సరదాలను లెక్కించజాలదన్న వాదనలోనూ బలమున్నది.

పర్యావరణ ప్రశ్న ఇంతకన్నా బరువైనది. పశ్చిమ కనుమల గడ్డిమైదానాలు మోటారు టైర్లకు తట్టుకోలేవు. వాననీటిని స్పంజిలా పీల్చుకుని మెల్లగా వాగులకు వదిలే ఆ నేలపై టైర్లు చీల్చిన చాళ్లు వాన కాలువలుగా మారి మట్టిని కోసివేస్తాయి. కొండచరియలతో కుటుంబాలను పోగొట్టుకున్న ప్రాంతంలో ఈ నష్టాన్ని తేలికగా తీసుకోవడం సాధ్యం కాదు. బాధ్యత తెలిసిన బృందాలు అనుమతి పొందిన ప్రైవేటు ఎస్టేటులకు, వదిలివేసిన క్వారీలకు మాత్రమే పరిమితమవుతున్నాయి. అడవిలోకి, వాగు మధ్యకు బండి దింపినవాడిని తమ వరుస నుంచి తప్పించే బృందాలూ లేకపోలేదు. వీడియోల మోజులో కొత్తగా వచ్చినవారికి ఈ నిగ్రహం నేర్పడమే ఇప్పుడు ఆశాన్‌ల ముందున్న కష్టమైన ఎక్కుడు.

పోలీసుల తనిఖీ, జరిమానా చేయలేని పనిని టీ కొట్టు ముందు ఒక పెద్దవాని మందలింపు చేయగలదు. ఎందుకంటే ఆ మాట అన్నవాడే రేపు తాడు పట్టుకుని రావలసినవాడు. సాయంత్రం చీకటి పడే వేళకు బండ్లు మళ్లీ తారు రోడ్డు చేరుకుంటాయి. టైర్లలో గాలి నింపుకుంటారు. ఎవరి దారిన వారు వెళ్లేముందు మొదటి బండివాడు దిగి వెనుకకు నడిచి, బండ్లన్నీ వచ్చాయో లేదో ఒకటొకటిగా లెక్కపెడతాడు. లెక్క సరిపోయిన తరువాతే ఆ ఆదివారం ముగిసినట్లు.