బ్యానర్ మీద మేస్త్రి పేరేది?

హైదరాబాద్‌లో నిర్మాణ సామగ్రి ప్రదర్శన అంటే తిరునాళ్లే. సిమెంటు, టైల్స్, బ్లాకుల కంపెనీలు స్టాళ్లు పెడతాయి. అలాంటి చోట ఆర్కిటెక్చర్ విద్యార్థుల చేత గోడ కట్టించడం కూడా ఒక కార్యక్రమం. పరిశోధన పని మీద మేమూ ఒకదానికి వెళ్లాం. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన ఇరవై మంది విద్యార్థుల మధ్య నిలబడి తాపీ ఎలా పట్టాలో చూపిస్తున్నారు. బ్యానర్ మీద కంపెనీ పేరుంది, కాలేజీ పేరుంది, ముఖ్య అతిథుల పేర్లున్నాయి. నేర్పుతున్న మనిషి పేరు లేదు. పక్కనే మాలు కలిపి అందిస్తున్న మహిళ పేరు సంగతి ఇక చెప్పేదేముంది.

అయినా ఆ గంటన్నరలో జరిగిన చదువు చిన్నది కాదు. మేస్త్రి ముందుగా ఇటుకను బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచారు. ఎండు ఇటుకను అలాగే పేరిస్తే అది మాలులోని నీటిని పీల్చేస్తుంది. సిమెంటు గట్టిపడటానికి నీరు చాలక అతుకు పొడిపొడిగా రాలుతుంది. తర్వాత దారం కట్టి, తూకం గుండు వేలాడదీసి రెండో వరుస పేర్చారు. పై వరుస నిలువు అతుకు కింది వరుస అతుకు మీద పడకూడదు. పడితే ఇటుకలు బరువు పంచుకోవు, పగులు నిలువునా పాకుతుంది.

అసలు పాఠం కిటికీ దగ్గర మొదలైంది. కాగితం మీద కిటికీ ఎంత వెడల్పైనా గీయొచ్చు. కట్టేవాళ్లకు గోడ అంటే ఇన్ని ఇటుకలు, ఇన్ని అతుకులు. మన ప్రామాణిక ఇటుక పొడవు 190 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్ల మాలుతో కలిపి 200. (బట్టీ ఇటుక ఈ కొలతకు కట్టుబడదన్నది వేరే కథ.) కిటికీ ఈ లెక్కకు కుదరకపోతే ప్రతి వరుసలోనూ ఇటుక పగలగొట్టాలి. గుత్తకు పనిచేసే మేస్త్రికి ఆ సమయానికి ఎవరూ డబ్బివ్వరు. డ్రాయింగ్‌లో దొర్లిన తప్పుకు మూల్యం ఆయన కూలీలోంచే పోతుంది. “అయితే మా గీత వల్ల మీకు నష్టమా?” అని ఒక విద్యార్థిని అడిగింది. “ఇప్పుడు ఎరికైంది గదమ్మా” అన్నారాయన.

ఇలాంటి నేర్పు వేరే చోట్ల ఎలా జరుగుతోందో చూద్దాం. అమెరికాలో తాపీ పనివారి యూనియన్‌తో కలిసి నడిచే ఇంటర్నేషనల్ మేసన్రీ ఇన్‌స్టిట్యూట్ ‘మేసన్రీ క్యాంప్’ నిర్వహిస్తూ వచ్చింది. అందులో యువ ఆర్కిటెక్టులు, తాపీ పనివారు ఒకే జట్టుగా డిజైన్ చేస్తారు, ఒకే జట్టుగా కడతారు. వెనక యూనియన్ ఉంది కాబట్టి అక్కడ మేస్త్రి ప్రదర్శన వస్తువు కాదు. అలాగని దాన్ని ఆదర్శంగా నెత్తికెత్తుకోనక్కర్లేదు. ఆ దేశంలో చాలా నిర్మాణ యూనియన్లు నల్లజాతి కార్మికులను దశాబ్దాలపాటు గుమ్మం బయటే నిలబెట్టాయి.

కేరళలో లారీ బేకర్ సైట్‌లోనే మేస్త్రీలతో కూర్చుని గోడలు ఆలోచించిన ఆర్కిటెక్ట్. ఆయన ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ బాండ్‌లో ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. దాంతో సుమారు నాలుగో వంతు ఇటుక ఆదా అవుతుంది. బేకర్ నిజాయితీని మేము శంకించడం లేదు. కానీ ఆ పద్ధతిని చేతుల్లోకి తెచ్చుకున్న మేస్త్రీల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

మన దగ్గర ఈ మరుపు వెనక కులం ఉంది. రాయి కొట్టడాన్ని వడ్డెరలకు, మట్టి పనిని ఉప్పరలకు పుట్టుకతోనే అంటగట్టారు. ఇవాళ సైట్లలో తట్ట మోసేవాళ్లలో దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాల వలస కూలీలే ఎక్కువగా కనిపిస్తారు. ఆడవాళ్లు ఏళ్ల తరబడి మాలు అందిస్తారు గానీ వాళ్ల చేతికి తాపీ రావడం అరుదు. చట్టం కూడా ఒక చేతినే గుర్తుపడుతుంది. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం నమోదు కానివాళ్లు ‘ఆర్కిటెక్ట్’ అని పెట్టుకుంటే నేరం. మేస్త్రి అనే పేరుకు అలాంటి రక్షణ లేదు. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద, 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి ఏడాదిలో 90 రోజులు పనిచేసినవారు సంక్షేమ బోర్డులో నమోదు కాగలిగేవారు. బోర్డుకు డబ్బు నిర్మాణ వ్యయం మీద వేసే సెస్సు నుంచి వస్తుంది. ఆ రోజు మేస్త్రికి కార్డు ఉంది, పక్కనున్న మహిళకు లేదు. అన్ని స్టాళ్లున్న ఆ హాల్లో నమోదు దరఖాస్తు ఇచ్చే బల్ల ఒక్కటీ లేదు.

కూలీ ఎంతిచ్చారని మేస్త్రిని అడిగాం. సైట్‌లో ఇచ్చేదే ఇస్తారట. వేదిక మీద మాట్లాడిన అతిథికి శాలువా కప్పారు.

ఆర్కిటెక్చర్ చదివే విద్యార్థి మిత్రులు ఈసారి ఇలాంటి పిలుపు వస్తే వెళ్లే ముందే నిర్వాహకులను అడగాలి. నేర్పేవాళ్ల పేరు బ్యానర్ మీద ఉంటుందా? అతిథికి ఇచ్చే గౌరవ వేతనం వాళ్లకూ ఇస్తారా? మాలు అందించే మహిళకు తాపీ ఇస్తారా? దళిత, బహుజన విద్యార్థుల్లో కొందరి ఇళ్లలోనే మేస్త్రీలు ఉంటారు. వాళ్ల నాన్ననో, చిన్నాన్ననో కాలేజీకి గురువుగా పిలవొచ్చు.

సాయంత్రం స్టాళ్లు ఎత్తేస్తుంటే విద్యార్థులు కట్టిన గోడను ఆ ఇద్దరే విప్పారు. మాలు గట్టిపడకముందే ఇటుకలు కడిగి పక్కన పేర్చారు. మర్నాడు వచ్చే బ్యాచ్‌కు అవే ఇటుకలట.