‘నువ్వే రాసుకురా... సంతకం పెడతా!’

మన దగ్గర లా సీటుకు ఎవరి ఉత్తరమూ అక్కర్లేదు. లాసెట్టో, క్లాటో రాస్తే ర్యాంకు చూసి సీటిచ్చేస్తారు. చిక్కంతా ఎల్‌ఎల్‌బీ అయ్యాక, ఎల్‌ఎల్‌ఎమ్‌కి అమెరికా వెళదామనుకున్నప్పుడే. మార్కులొక్కటే చాలవక్కడ. ‘ఈ విద్యార్థి ఎలాంటివాడు?’ అని పాఠం చెప్పినవారినే అడుగుతారు. చాలా లా స్కూళ్లకు కనీసం రెండు సిఫార్సు ఉత్తరాలు కావాలి.

సరేనని లెక్చరరు దగ్గరికెళితే తరచూ వినిపించే మాట... ‘నువ్వే రాసుకురామ్మా, సంతకం పెట్టేస్తా’. ఆయన్నీ తప్పుపట్టలేం. క్లాసునిండా పిల్లలు, ఎవరెవరో గుర్తుండాలిగా! కానీ అసలు ప్రమాదం అక్కడే ఉంది.

అక్కడి లా స్కూళ్లలో చాలావాటికి దరఖాస్తులు ఎల్‌శాక్ అనే సంస్థ ద్వారా వెళతాయి. విద్యార్థి తన ఖాతాలో గురువుగారి పేరూ ఈమెయిలూ ఇస్తే ఆయనకు కబురందుతుంది. ఉత్తరం ఆయనే నేరుగా పంపాలి, మన చేతుల మీదుగా వెళ్లకూడదు. అసలుది కాని ఉత్తరాన్నీ, మార్పులు చేసినదాన్నీ ఆ సంస్థ అక్రమంగానే లెక్కేస్తుంది. విచారణలో తేలితే ఆ సంగతి లా స్కూళ్లకూ చేరుతుంది. లాయరు కాబోయేవాళ్లకు ఇంతకన్నా చెడ్డ తొలి కేసు ఉంటుందా?

మరేం చేయాలి? ఉత్తరం కాదు, వివరాలు రాసివ్వండి. ఆయన దగ్గర ఏ సబ్జెక్టు చదివారు, ఏ మూట్‌కోర్టులో ఏ పక్షాన వాదించారు, ప్రాజెక్టు దేనిమీద... ఒక్క పేజీ చాలు. మార్కుల జాబితాతోపాటు అదీ ఇస్తే ఆయనకు మీ ముఖం గుర్తొస్తుంది. ‘కష్టజీవి, క్రమశిక్షణ గలవాడు’ అన్న పొగడ్తలు ఎవరికైనా సరిపోతాయి. మూట్‌కోర్టులో జడ్జి అడ్డుప్రశ్న వేసినప్పుడు మీరెలా తట్టుకున్నారో రాస్తే అది మీకొక్కరికే సరిపోతుంది. అందుకే, నాన్నగారికి తెలిసిన ఎమ్మెల్యే ఉత్తరం కన్నా మీ రికార్డు పుస్తకం దిద్దిన లెక్చరరు మాటకే విలువెక్కువ. ప్రాక్టీసులో ఉన్నవాళ్లు తమ సీనియర్‌నీ అడగొచ్చు.

ఫారంలో ఇంకో ప్రశ్న ఉంటుంది... ఉత్తరం చూసే హక్కు వదులుకుంటారా అని. 1974 నాటి అమెరికా చట్టం విద్యార్థులకిచ్చిన హక్కు అది. ‘హక్కెందుకు వదులుకోవాలి, మనం చదివింది లా కదా’ అనిపిస్తుంది. వదులుకోవడమే లాభం. విద్యార్థి చూడడని తెలిస్తేనే గురువు మనసులో మాట రాస్తాడని అడ్మిషన్లవాళ్ల నమ్మకం.

చాలా గడువులు డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తాయి. అడగడానికి సెప్టెంబరు మంచి నెల. నవంబరు దాకా ఆగితే, పరీక్ష పేపర్ల కట్టల మధ్య ఆయన తలెత్తే తీరికే ఉండదు.